బిడ్డ ఫాస్టర్ ఇంట్లో ఉంటే కన్నవాళ్లు ఎవరిని, ఏం, ఎలా అడగాలి

మొదటిసారి ఇలాంటి ఒక తల్లికి తోడుగా పిల్లల సంరక్షణ చూసే ఆఫీసుకు వెళ్లినప్పుడు గంటన్నర మాట్లాడాం. ఆవిడ ఏడ్చింది. అక్కడి మేడం మంచినీళ్లిచ్చి, "చూస్తాం లేమ్మా, కంగారు పడకు" అన్నారు. తృప్తిగా బస్సెక్కేశాం. మూడు నెలల తర్వాత కేసు విచారణకు వచ్చింది. ఫైలు తిరగేస్తే ఆ రోజు మేం వెళ్లినట్టు ఒక్క అక్షరం లేదు. పైగా "తల్లి నుంచి ఎలాంటి స్పందన లేదు" అని ఒక రిపోర్టు కుట్టి ఉంది. తప్పు సగం ఆఫీసుది, సగం నాది. అర్జీ రాయించకుండా ఆవిణ్ణి తీసుకెళ్లింది నేనే మరి.

ఆ తర్వాత న్యాయ సహాయంలో జనానికి తోడుండే పారాలీగల్ వలంటీరుగా కోనసీమలోనూ, వశిష్ఠ నది దాటి నరసాపురం వైపూ ఇలాంటి తల్లిదండ్రులతో చాలాసార్లు తిరిగాను. అలా తెలిసినదే ఇక్కడ రాస్తున్నాను. ఇది కన్నవాళ్ల కోసం రాసింది. ఫాస్టర్ కుటుంబాలవాళ్లు, అంటే కమిటీ ఆర్డరు మీద బిడ్డను కొంతకాలం పెంచేవాళ్లు, చదివినా మంచిదే, మీ మీద నాకు కోపమేం లేదండి.

ముందు, బిడ్డ ఏ కాగితం మీద అక్కడుందో తేల్చుకోండి

మన వైపు "పెంపకానికిచ్చాం" అనే ఒక్క మాటను నాలుగైదు సంగతులకు వాడేస్తాం. అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్ వెళ్లినా పెంపకమే, పిల్లల్లేని బంధువులకు ఇచ్చినా పెంపకమే, ప్రభుత్వం వేరే ఇంట్లో పెట్టినా పెంపకమే. చట్టం మాత్రం వీటిని వేటికవే విడివిడిగా చూస్తుంది.

ఫాస్టర్ కేర్ అంటే జిల్లా బాలల సంక్షేమ కమిటీ, అందరూ సీడబ్ల్యూసీ అనేది, విచారణ చేసి, రాతపూర్వకంగా ఆర్డరు ఇచ్చి, పరిశీలించి ఎంచిన కుటుంబంలో బిడ్డను కొంతకాలం ఉంచడం. 2015 బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ దీని గురించే. దత్తత ఇస్తే బిడ్డ మీద కన్నవాళ్ల హక్కు తెగిపోతుంది. ఫాస్టర్ కేర్‌లో తెగదు. ఈ తేడా ఒక్కటి గట్టిగా మనసులో పెట్టుకుంటే సగం భయం తగ్గుతుంది.

స్టాంపు కాగితం మీద ఇద్దరు పెద్దమనుషుల సంతకాలతో రాసుకున్నది ఫాస్టర్ కేర్ కాదు. అందులో డబ్బు చేతులు మారి ఉంటే అది బిడ్డను అమ్మడం కిందికి వస్తుంది, 81వ సెక్షన్ ప్రకారం అయిదేళ్ల దాకా కఠిన జైలుశిక్ష పడే నేరం. అలాంటి కాగితం మీ దగ్గర ఉంటే ఊళ్లో ఎవరికీ చూపించకుండా నేరుగా ఉచిత న్యాయ సహాయం లాయరు దగ్గరికి వెళ్లండి. ఎలా వెళ్లాలో కింద చెబుతాను.

కమిటీ ఆర్డరే అయితే దాని నకలు కావాలని ఒక చిన్న అర్జీ పెట్టండి. నకలు చేతికి రాగానే నాలుగు సంగతులు వెతకండి: కేసు నంబరు, ఆర్డరు తేదీ, బిడ్డను ఎన్నాళ్లకు ఇచ్చారు, మీరు బిడ్డను చూడటం గురించి ఏం రాశారు. కారణం ఏం రాశారో కూడా ఒకటికి రెండుసార్లు చదవండి. చదువు రాకపోతే సచివాలయంలో మహిళా పోలీసునో అంగన్‌వాడీ టీచర్నో అడగడం కన్నా, మీ ఊరివాళ్లు కాని లాయరు చేత చదివించుకోవడం మేలు. ఎందుకంటే ఆ కాగితంలో మీ ఇంటి గుట్టంతా ఉంటుంది.

డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పంటు (రేవు దాటించే పెద్ద పడవ) దాటితే జిల్లా మారిపోతోంది. నరసాపురం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉంటే, ఎదురుగా కనిపించే సఖినేటిపల్లి అమలాపురం కేంద్రంగా ఉన్న కోనసీమ జిల్లాలో ఉంది. మీ ఇల్లు ఒక ఒడ్డున, బిడ్డ ఉన్న ఇల్లు ఇంకో ఒడ్డున అయితే ఎవరి కమిటీ ముందు అడగాలన్న ప్రశ్న వస్తుంది. ఆర్డరు మీద ఏ జిల్లా కమిటీ ముద్ర ఉందో అక్కడే మొదలుపెట్టండి. కేసును మీ జిల్లాకు బదిలీ చేయమనీ, కనీసం మీ ఇంటి పరిశీలన మీ జిల్లావాళ్ల చేత చేయించమనీ రాతపూర్వకంగా కోరవచ్చు. యానాం వాళ్లకైతే ఏకంగా ప్రభుత్వమే వేరు, పుదుచ్చేరి కింద ఉంటారు. వాళ్లు ఈ బదిలీ సంగతి మొదటి రోజే ఎత్తాలి, ఆలస్యమైతే రెండు వైపులా "అది వాళ్ల పని" అంటారు.

ఎవరు ఏం చేస్తారు

కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కుండే అధికారాలు ఆ బెంచీకి ఉంటాయి, కాబట్టి అది మామూలు ఆఫీసు కాదు. బిడ్డ ఎక్కడుండాలో నిర్ణయించేది వాళ్లే. నెలకు కనీసం ఇరవై రోజులు కూర్చోవాలి.

ఇళ్లకు వెళ్లి చూసేది, రిపోర్టులు రాసేది, డబ్బు విడుదల చేసేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం. దానికి పెద్ద డీసీపీవో, అంటే జిల్లా బాలల పరిరక్షణ అధికారి. ఆయనకో ఆవిడకో కోపం వచ్చినంత మాత్రాన మీ బిడ్డను ఎక్కడికీ మార్చలేరు, అలాగే వాళ్లు దయతలిచినంత మాత్రాన ఇంటికి పంపనూ లేరు. రెండింటికీ కమిటీ ఆర్డరు ఉండాల్సిందే.

ఈ కమిటీ మీద పరిశీలన జిల్లా కలెక్టరుది. చట్టానికి 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చాక, కమిటీ పనితీరును మూడు నెలలకోసారి సమీక్షించడం, కమిటీ మీద వచ్చే ఫిర్యాదులు వినడం కలెక్టరు బాధ్యత అయింది.

బిడ్డను చూడటానికి

44వ సెక్షన్‌లోనే ఉంది: పెంచే స్థితిలో లేరని కమిటీ నిర్ణయించిన తల్లిదండ్రులు కూడా ఫాస్టర్ ఇంట్లో బిడ్డను తరచూ చూడవచ్చు. బిడ్డకు మంచిది కాదని కమిటీ అనుకుంటే ఆపవచ్చు, కాని కారణం రాసి తీరాలి. "ఇప్పుడొద్దులే అమ్మా, పిల్ల డిస్టర్బ్ అవుతుంది" అని ఎవరైనా నోటిమాటగా అంటే, "సరేనండి, ఆ మాటే ఆర్డరులో రాసి ఇప్పించండి" అని మర్యాదగా అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే తేదీ వచ్చేస్తుంది.

చెప్పకుండా మాత్రం వెళ్లకండి. బిడ్డ మీద బెంగతో తాపేశ్వరం కాజాల పొట్లం పట్టుకుని ఫాస్టర్ ఇంటి గుమ్మం ముందు నిలబడ్డ తండ్రిని నేనెరుగుదును. ఆయన చేసిన తప్పేం లేదు, గొంతు కూడా పెంచలేదు. అయినా రిపోర్టులో "అనుమతి లేకుండా వచ్చారు, కుటుంబం భయపడింది" అని పడింది. బడి దగ్గర కాపుకాయడం ఇంకా ప్రమాదం.

అడిగేటప్పుడు మీ పని వేళలు చెప్పి అడగండి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు వెళ్లేవాళ్లకు బుధవారం పదకొండు గంటలకు రమ్మంటే కుదరదు. అటు ఆ రోజు కూలీ పోతుంది, ఇటు వెళ్లకపోతే "తల్లి రాలేదు" అని పడుతుంది. ఏ రోజు సెలవో, ఏ వారం పగటి షిఫ్టో రాసివ్వండి. వరదల కాలం సంగతి కూడా ముందే రాయండి. లంక ఊళ్లలో ఉండేవాళ్లకు జులై, ఆగస్టుల్లో కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదు, పంటు కూడా ఆపేస్తారు. అలా రాలేకపోయిన రోజున ఫోను చేసి ఊరుకోకుండా, "ఫలానా తేదీన వరద వల్ల రాలేకపోయాను, ఇంకో తేదీ ఇవ్వండి" అని మెసేజ్ పెట్టి దాన్ని దాచండి.

కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న తల్లులకు ఇది ఇంకా ముఖ్యం. మీరు కనిపించకపోతే ఫైలులో "ఆచూకీ లేదు" అని పడే ప్రమాదం ఉంది, ఆ మాట ముదిరితే బిడ్డను వదిలేసినట్టు లెక్క వేస్తారు. అక్కడి చిరునామా, ఫోను నంబరు, తిరిగి వచ్చే నెల రాసి కమిటీకి ఉత్తరం పంపండి. వీడియో కాల్‌కు అనుమతి కోరండి. మీ తరఫున మీ అమ్మగారో అక్కో కాగితాలు నడపాలంటే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపండి. బిడ్డను బయటివాళ్ల దగ్గర కాకుండా అమ్మమ్మ దగ్గరే ఉంచమని అడగాలనుకుంటే అదీ ఈ ఉత్తరంలోనే అడగండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లను విడదీయకుండా చూడాలని కూడా అదే 44వ సెక్షన్ చెబుతోంది.

కలిసినప్పుడు బిడ్డను ప్రశ్నలతో ముంచేయకండి. "కొడుతున్నారా? తిండి పెడుతున్నారా? నన్ను మర్చిపోయావా?" అని అడుగుతుంటే పిల్లలు ముడుచుకుపోతారు. మీరు ఎదురుగా ఉండగా ఒక జవాబు, పెంచేవాళ్లు ఉండగా ఒక జవాబు చెబుతారు. పక్కన కూర్చుని అన్నం తినండి, నోటుపుస్తకం చూడండి, జుట్టు దువ్వండి. చూడవలసినవి అలా చూస్తే తెలుస్తాయి: బరువు తగ్గిందా, పేలున్నాయా, గోళ్లు కత్తిరించారా, పుస్తకంలో ఏ తేదీ దాకా రాశారు, చెప్పులు సరిపోతున్నాయా, పెంచే అమ్మ గదిలోకి వస్తే బిడ్డ దగ్గరికి జరుగుతోందా, దూరం జరుగుతోందా. ఇంటికి రాగానే తేదీ వేసి నాలుగు ముక్కలు నోటుబుక్కులో రాయండి. బాగున్నది కూడా రాయండి, ఎప్పుడూ చెడే రాసే పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

నెలవారీ తనిఖీలో మీ మాట కూడా పడాలి

ఫాస్టర్ కుటుంబాలను కమిటీ ప్రతి నెలా తనిఖీ చేయాలన్నది చట్టం. ఆ కుటుంబం సరిగ్గా చూడటం లేదని తేలితే బిడ్డను అక్కడి నుంచి తీసి ఇంకో చోటికి మార్చవచ్చు. చదువు, ఆరోగ్యం, తిండి ఈ మూడూ ఆ కుటుంబం బాధ్యత. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి, అవి బిడ్డ ఖర్చుకు తప్ప పెంచేవాళ్ల జీతం కాదు.

ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను. తనిఖీ అన్నది చాలాచోట్ల హడావిడిగా జరుగుతుంది. ముందే ఫోను చేసి వెళతారు, ఇల్లు తుడిచి ఉంటుంది, బిడ్డ కొత్త గౌను వేసుకుని ఉంటుంది, ఫారం నిండిపోతుంది. ఒక కేసులో వరుసగా మూడు నెలల రిపోర్టుల్లో ఒకే వాక్యం, కామాతో సహా, చూశాను. వెళ్లేవాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఒక్కొక్కరి మీద అన్ని పనులు. అందుకే వాళ్లకు ఏం చూడాలో మీరే అందించాలి.

ఎలాగంటే, నెల మొదట్లో డీసీపీవోకు ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి, ఒక కాపీ కమిటీకి. అందులో ఫిర్యాదులు వద్దు, ప్రశ్నలు రాయండి. "గత నెల పాపకు ఎడమ చెవిలో నొప్పి ఉంది, డాక్టరుకు చూపించారా, చీటీ ఉందా? యూనిట్ టెస్టు మార్కులు ఎంత? స్కూలుకు ఎన్ని రోజులు వెళ్లింది? బాబు అక్కతో ఫోనులో మాట్లాడాడా?" ఇలాంటి ప్రశ్నకు జవాబు రాయాలంటే నిజంగా చూడాలి. "అంతా బాగుంది" అనే మాట దానికి సరిపోదు. తనిఖీలో బిడ్డతో విడిగా, పెంచేవాళ్లు పక్కన లేకుండా మాట్లాడమని కూడా కోరండి.

బిడ్డకు ఒక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉంటుంది. చదువు, వైద్యం, ఇంటికి తిరిగి పంపడం వంటివి అందులో రాస్తారు. దాన్ని తిరగరాసేటప్పుడు మిమ్మల్ని పిలవమని అడగండి.

ఏది వెంటనే, ఏది నిదానంగా

బిడ్డను కొట్టిన గుర్తులు, లైంగికంగా ఇబ్బంది పెట్టినట్టు అనుమానం, బిడ్డ కనిపించకపోవడం, పనికి పంపడం, వైద్యం అందకపోవడం: వీటికి అర్జీ, తేదీ, నకలు అంటూ ఆగకండి. 1098కి ఫోను చేయండి, లేదా 112కి. పగలైనా రాత్రైనా ఎత్తుతారు. లైంగిక వేధింపు అనుమానమైతే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, పోక్సో చట్టం కింద తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పి తీరాలి. బిడ్డను పదిమంది ముందు పదిసార్లు ఆ మాట చెప్పించకండి. మీకు చెప్పినది బిడ్డ మాటల్లోనే రాసి పెట్టుకోండి, చాలు. కమిటీ కూర్చోని రోజైనా ఒక్క సభ్యుడి ముందు బిడ్డను హాజరుపరచవచ్చు.

మిగతావి చాలావరకు మనసు కష్టపెట్టేవి. జుట్టు కత్తిరించేశారు, తిరుపతి మొక్కు ఉంది. మేం చర్చికి వెళతాం, వాళ్లు గుడికి తీసుకెళుతున్నారు. ఇంగ్లిష్ మీడియంలో వేశారు. పేరు మార్చి పిలుస్తున్నారు. సంక్రాంతికి పంపలేదు. ఇవి చిన్నవి కావు, మతం, పేరు, భాష విషయాలైతే బిడ్డ ఎవరి బిడ్డో చెప్పే సంగతులు. వీటికి అర్జీ పెట్టాలి. కాని చెవినొప్పినీ సంక్రాంతినీ ఒకే అర్జీలో కలిపితే, చదివేవాళ్లు సంక్రాంతి దగ్గర ఆగి నవ్వి పక్కన పెడతారు. ఒక్కో అర్జీకి ఒక్కో సంగతి.

ఇంకొన్ని ఉంటాయి, వాటిని కాస్త నెమ్మదిగా చూసుకోవాలి. "పాప ఆవిణ్ణి అమ్మా అంటోందండి" అని ఒక తల్లి నా ముందు తల బాదుకుంది. అది ఫిర్యాదు కాదు, దిగులు. పెంచే ఆవిడ ఏదో చేసినందువల్ల పాప అలా అనలేదు, ఆరేళ్ల పిల్లకు అన్నం పెట్టే మనిషిని ఏదో ఒకటి పిలవాలి కదా. పిన్నీ అనో పెద్దమ్మా అనో పిలిపించమని మర్యాదగా అడగవచ్చు. ఒకరిద్దరు ఫాస్టర్ తల్లులు నా ఎదుటే సరేనన్నారు కూడా.

అర్జీ ఇలా రాయండి

తెలుగులో, చేత్తో రాసినా చెల్లుతుంది. మచ్చుకు ఒకటి:

"బాలల సంక్షేమ కమిటీ చైర్‌పర్సన్ గారికి, ...... జిల్లా. కేసు నంబరు ....... విషయం: నా బిడ్డను చూసేందుకు తేదీలు ఇప్పించమని కోరుతూ.

అయ్యా / అమ్మా, నేను పై కేసులోని బిడ్డకు కన్నతల్లిని. తమ ...... తేదీ ఆర్డరు ప్రకారం బిడ్డ ఫాస్టర్ కుటుంబంలో ఉంది. ఆర్డరు తర్వాత నేను బిడ్డను ...... తేదీన ఒక్కసారే చూశాను. ...... తేదీల్లో ఫోనులో అడిగాను, తేదీ ఇవ్వలేదు. నేను షిఫ్టు పనికి వెళతాను, నాకు ఆదివారం సెలవు. నెలకు రెండు ఆదివారాలు బిడ్డను చూసేందుకు అనుమతి ఇవ్వగలరు. కుదరదని భావిస్తే కారణం రాతపూర్వకంగా తెలపగలరు. నా ఫోను నంబరు ....... తేదీ, సంతకం."

ఇంతే. ఎవరినీ తిట్టలేదు, బతిమాలలేదు, అయిదు నిమిషాల్లో చదవవచ్చు. రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. "ముద్ర ఉన్నాయన భోజనానికి వెళ్లాడు" అంటే కూర్చోండి. అప్పటికీ వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి.

బిడ్డ ఫోటో, పేరు, ఉన్న ఇంటి వివరాలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. యూట్యూబ్ చానెల్‌వాళ్లు మైకు పట్టుకుని వస్తారు, "మీకు న్యాయం చేస్తామమ్మా" అంటారు. ఇలాంటి కేసుల్లో ఉన్న బిడ్డ ఎవరో తెలిసేలా బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. కన్నతల్లి పెట్టినా అంతే. న్యాయం మీ వైపు ఉన్న కేసు కూడా అక్కడ పాడైపోతుంది.

జవాబు రాకపోతే

రెండు దారులున్నాయి, రెండూ కలెక్టరు దగ్గరికే వెళతాయి, అయినా ఒకటి కాదు.

మొదటిది ఫిర్యాదు. కమిటీ మీ అర్జీ తీసుకోవడం లేదు, వాయిదాలు వేస్తోంది, మర్యాదగా వినడం లేదు అనుకోండి. అప్పుడు కలెక్టరుకు రాయవచ్చు, ఇరువైపులా విని ఆయన ఆర్డరు వేయాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వవచ్చు. కాని పింఛన్ల అర్జీల్లో ఇదీ కలిసిపోయి తిరిగి అదే ఆఫీసుకు "తగిన చర్య కోసం" వెళ్లిపోతూ ఉంటుంది. అందుకని పైన పెద్ద అక్షరాలతో "బాలల న్యాయ చట్టం 27వ సెక్షన్ 10వ ఉపసెక్షన్ కింద ఫిర్యాదు" అని రాయండి.

రెండోది అప్పీలు. కమిటీ ఆర్డరు ఇచ్చింది, ఆ ఆర్డరే మీకు సమ్మతం కాదు. మామూలుగా కమిటీ ఆర్డర్ల మీద అప్పీలు పిల్లల కోర్టుకు వెళుతుంది. ఫాస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్ (బిడ్డను ఇంట్లోనే పెంచుకునేందుకు ఇచ్చే నెలసరి సాయం, కింద చెబుతాను) ఆర్డర్లు మాత్రం 101వ సెక్షన్ ప్రకారం కలెక్టరు దగ్గరికే. గడువు ఆర్డరు తేదీ నుంచి ముప్పై రోజులు. సరైన కారణం చూపితే గడువు దాటినా తీసుకోవచ్చు, కాని దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నకలు చేతికి రావడానికే ఇరవై రోజులు పడుతుంది, అందుకే మొదటి రోజే నకలు అడగమన్నాను. ఆ తర్వాత మెట్టు హైకోర్టు.

వీటికి లాయరు ఉంటే మంచిది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా ఇస్తారు. మిగతా వర్గాల మగవాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు రాజమహేంద్రవరం, ఏలూరు కోర్టుల్లో ఉన్నాయి. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గరలో ఉన్న కోర్టులో మండల న్యాయ సేవా కమిటీ ఎక్కడని అడగండి, లేదా 15100కి ఫోను చేయండి. "పదివేలిస్తే రెండు వారాల్లో పిల్లను ఇప్పిస్తా" అని కోర్టు గేటు బయట ఎవరైనా అంటే టీ తాగేసి వచ్చేయండి.

బిడ్డను తిరిగి తెచ్చుకోవడానికి

ఇంటికి తిరిగి చేర్చడమే ముఖ్య ఉద్దేశమని చట్టమే చెబుతోంది. తల్లిదండ్రులు ఇప్పుడు పెంచగలరని కమిటీ నిర్ణయిస్తే ఫాస్టర్ ఇంటి నుంచి బిడ్డ తిరిగి వస్తుంది. ఆ నిర్ణయానికి కావలసింది మీరు మారారన్న మాట కాదు, మారినట్టు చూపే కాగితం. ఆర్డరులో బిడ్డను ఎందుకు తీసుకున్నారని రాశారో దానికి ఒక్కొక్కటిగా జవాబు చెప్పాలి. తాగుడు అని రాస్తే డీఅడిక్షన్ సెంటర్ చీటీలు, ఎన్ని నెలలుగా మానేశారో డాక్టరు రాసిన మాట. టీబీ అయితే మందుల కార్డు. ఇల్లు లేదు అంటే అద్దె రశీదు, ఇంటి యజమాని ఫోను. ఆదాయం లేదు అంటే ఫ్యాక్టరీ స్లిప్పు. లేసు అల్లే ఆడవాళ్లకు స్లిప్పులుండవు, మీకు దారం ఇచ్చి పని తీసుకునే ఏజెంటు పుస్తకంలో మీ లెక్క ఫోటో తీసి పెట్టండి, డ్వాక్రా పాస్‌బుక్కు జత చేయండి.

పేదరికం ఒక్కటే కారణమైతే స్పాన్సర్‌షిప్ అడగండి. భర్త చనిపోయిన, విడిచిపెట్టిన తల్లులు, ప్రాణాంతక జబ్బు ఉన్న తల్లిదండ్రులు, పని చేయలేని స్థితిలో ఉన్నవాళ్లకు బిడ్డను ఇంట్లోనే పెంచుకునేందుకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు వస్తాయి. పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 ఆదాయ పరిమితి. నన్నడిగితే, ఎవరో బిడ్డను పెంచినందుకు ఇచ్చే డబ్బు అంతే మొత్తం కన్నతల్లికి ముందే ఇచ్చి ఉంటే సగం కేసులు అసలు కమిటీ దాకా వచ్చేవే కావు.

ఇల్లు చూడటానికి సోషల్ వర్కర్ వచ్చే రోజున ఇంట్లో అత్తగారు, ఆడపడుచు ఉంటే వాళ్లతో ముందే మాట్లాడండి. "ఆ పిల్ల అక్కడే సుఖంగా ఉంది లెండి" అని పెద్దావిడ వాకిట్లో అన్న ఒక్క మాట రిపోర్టులోకి ఎక్కి ఆరు నెలలు వెనక్కి నెట్టిన కేసు ఉంది.

దత్తత ఇచ్చేస్తారేమో అన్న భయం

ఇది ప్రతి తల్లీ అడుగుతుంది. 2024 మార్గదర్శకాల ప్రకారం ఫాస్టర్ కుటుంబం రెండేళ్లు పెంచాక ఆ బిడ్డను దత్తత కోరవచ్చు, అంతకుముందు అయిదేళ్లు ఉండేది. దీన్నే ఊళ్లో "రెండేళ్లయితే వాళ్లదే" అని చెప్పుకుంటున్నారు. అది తప్పు. దత్తతకు చట్టప్రకారం అర్హమని కమిటీ ప్రకటించిన బిడ్డకే దత్తత. కన్నవాళ్లు వస్తూ, అడుగుతూ, నోటీసులకు జవాబిస్తూ ఉంటే ఆ ప్రకటన అంత తేలిక కాదు. మాయమైపోయిన తల్లిదండ్రులకే ప్రమాదం. ఎవరైనా "ఇక్కడ సంతకం పెట్టు, ఊరికే ఫార్మాలిటీ" అంటే పెట్టకండి, చదివించుకోండి. బిడ్డను అప్పగిస్తున్నట్టు రాసిన పత్రంలో సంతకం పెట్టేసినా మనసు మార్చుకోవడానికి రెండు నెలలు ఉంటాయి, ఆ రెండు నెలల్లోనే కమిటీకి రాయాలి.

విచారణ రోజు, ఆ తర్వాత

తుది నిర్ణయానికి కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి. కాబట్టి ముందు రోజు సాయంత్రం ఫోను చేసి కోరం ఉందా అని అడిగి బయల్దేరండి, రాజోలు నుంచి అమలాపురం వెళ్లి వాయిదా విని రావడం రెండుసార్లు జరిగితే మూడోసారికి ఓపిక ఉండదు. మీ నోటుబుక్కు, ముద్రలున్న కాపీలు ఒకే సంచిలో పెట్టుకోండి.

బిడ్డ ఇంటికి వచ్చాక మొదటి వారాలు కష్టంగానే ఉంటాయి. రాత్రి లేచి ఆ ఇంటి అమ్మ కావాలని ఏడుస్తుంది. అక్కడ కుక్కపిల్ల ఉండేదని, పప్పులో మామిడికాయ వేసేవాళ్లని చెబుతుంది. ఆర్డరు తీసుకునే రోజే ఫాస్టర్ కుటుంబం ఫోను నంబరు ఇప్పించమని, వారానికోసారి మాట్లాడించే వీలు కల్పించమని కమిటీని అడిగి ఉంచుకోండి. మీరే నంబరు కలిపి ఫోను బిడ్డ చేతికిచ్చి, పక్క గదిలోకి వెళ్లి పొయ్యి మీది అన్నం చూసుకోండి.